వెండి రంగు మొండిది

కారు రంగుల్లో వెండి రంగంత మొండిది ఇంకోటి లేదని పెయింటు పని తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారు. తెలుపో నలుపో అయితే డబ్బాలో రంగు కుదిరితే చాలు, సగం పని అయిపోయినట్టే. వెండి రంగుకి ఆ లెక్క పనికిరాదు. ఒకే డబ్బా, ఒకే గన్ను, ఒకే కంప్రెషర్‌తో ఇద్దరు కొడితే రెండు రంగులొస్తాయి. ఒకే మనిషి పొద్దున కొట్టినదీ మిట్టమధ్యాహ్నం కొట్టినదీ పక్కపక్కన పెడితే కలవవు. అలాంటి రంగుని అలాయ్ చక్రం మీద రూపాయి బిళ్లంత మేర పెచ్చూడినచోట, చుట్టూ ఉన్న పాత రంగు చెడకుండా అతకాలి. అతికాక అది ఎక్కడుందో కారు యజమానే వెతుక్కోవాలి.

చక్రం మొత్తానికి కొత్త రంగు వేయడం చాలామందికి వచ్చు. పాతదంతా గీకేసి నాలుగు చక్రాలూ ఒకే ఊపులో కొట్టేస్తే, పోల్చి చూడటానికి పాత రంగు మిగలదు. కొంచెం ముదిరినా కొంచెం తేలినా నాలుగూ ఒకలాగే ఉంటాయి కాబట్టి ఎవరికీ పట్టదు. టచప్‌లో ఆ వెసులుబాటు లేదు. పాత రంగు పక్కనే ఉంటుంది, పనివాడి ప్రతి తప్పునీ అదే బయటపెడుతుంది. అందుకే ఈ చిన్న పని ఆ పెద్ద పని కంటే గొప్పదని నేనంటాను. నా మాట కాదనే పెయింటర్లూ ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది టచప్ ఒప్పుకోరు.

నేను చూసిన పని విజయవాడ ఆటోనగర్‌లో. లారీ బాడీలు కట్టడానికి పేరుపడ్డ పేట అది. రేకు కోత, వెల్డింగు, సుత్తిదెబ్బలు, దుమ్ము అన్నీ ఉన్నచోట, దుమ్ము రేణువు పడితే పాడయ్యే పని చేసే మనిషి ఉన్నాడంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. రేకుల షెడ్డు వెనకభాగంలో ప్లాస్టిక్ పట్టా కట్టుకున్న చిన్న గది అతనిది. పేరు రాయొద్దన్నాడు, అందరూ పిలిచినట్టే మేస్త్రి అనే రాస్తాను. లారీ క్యాబిన్లకి ఎనామిల్ కొడుతూ పని నేర్చుకుని, కార్ల డెంటింగు-పెయింటింగులోకి వచ్చి, ఇప్పుడు చక్రాలే చూస్తున్నాడు.

ఆరోజు అతని ముందున్నది 16 అంగుళాల చక్రం, అయిదు స్పోకులు, మామూలు వెండి రంగు. విశాఖ నుంచి బదిలీ మీద వచ్చిన కుటుంబానిది ఆ కారు. చక్రానికి మూడు దెబ్బలున్నాయి. డివైడరుకి రాసుకుని రిమ్ము అంచున జానెడు పొడవున గీరుకుపోయింది. ఒక స్పోకు మధ్యలో రాయి తగిలి నువ్వుగింజంత పెచ్చు లేచింది. మూడోది, నడిమి మూత పక్కన, రంగు మీద వేసే పారదర్శకమైన క్లియర్ కోటు కింద తెల్లటి సన్నదారాల్లా పాకిన మచ్చ. కారాయన బాధంతా ఆ మొదటి గీత గురించే. మేస్త్రి చూపు మాత్రం మూడోదాని మీదే నిలిచింది.

ఇనుముకి తుప్పు పడుతుంది, అల్యూమినియానికి పట్టదు అని మనకో నమ్మకం. ఎర్రతుప్పు పట్టదు, అంతవరకే నిజం. పచ్చి అల్యూమినియం గాలి తగిలిన క్షణంలోనే తన మీద తాను ఆక్సైడు పొర కప్పుకుంటుంది. మీటరులో వందకోటో వంతు నానోమీటరు, ఆ పొర మందం అలాంటివి కొన్నే. బయటి గాలి నుంచి లోహాన్ని కాపాడేది అదే. కానీ రంగు పొరకి ఎక్కడో చిల్లు పడి, అందులోకి సముద్రపు గాలిలోని ఉప్పు చేరి, పైన తేమ నిలిచిందంటే రంగుకీ లోహానికీ మధ్య ఈ దారపు తుప్పు మొదలవుతుంది. దారానికి తలా తోకా ఉంటాయి. లోహాన్ని తినేది తల, వెనక మిగిలే తెల్లటి బాట తోక. విశాఖ బీచి రోడ్డు మీద తిరిగిన చక్రాలకి ఇది కొత్త కాదు.

ఆ దారాల సంగతి తేల్చకుండా పైన రంగు కొట్టి ఇచ్చేసేవాళ్లు ఉన్నారు. నా బండికీ ఓ షాపులో అలాగే చేసి పంపారు. వానాకాలం రాగానే కొత్త రంగు కిందే దారాలు మళ్లీ పాకాయి. ఈ మేస్త్రి మాత్రం పదునైన బ్లేడుతో ఒక్కో దారాన్ని దాని తల దాకా విప్పాడు. బ్లేడు కొనతో క్లియర్ కోటు కొంచెం లేపుతాడు, గాలి ఊదుతాడు, దారం ఎటు తిరిగిందో చూస్తాడు, మళ్లీ లేపుతాడు. ఒక్క తల వదిలినా అది ఆగదు. రూపాయి బిళ్లంత మచ్చ అరచేయంత అయింది. కారాయన మొహంలో రంగు మారింది. మేస్త్రి పట్టించుకోలేదు. రోగం ఎంత మేర ఉంటే అంత మేరా గీకాలి, రంగు మాత్రం ఎంత తక్కువ మేర వేస్తే సరిపోతుందో అంతే వేయాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఈ పనిలోని తెలివంతా ఆ రెంటినీ కుదిర్చడంలో ఉంది.

అంతకుముందు కడుగుడు ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్ల నుంచి, డిస్కు నుంచి వేడివేడి ఇనుప రేణువులు ఎగిరి చక్రం రంగులో గుచ్చుకుంటాయి. సబ్బునీళ్లకి అవి ఊడవు. ఇనుప మరక తీసే ద్రావకం కొడితే ఊదారంగు కారుతుంది, కుళ్లిన గుడ్ల వాసనకి దగ్గరి వాసన. ఆ ఊదా చారలు ఆగేదాకా కడుగుతాడు. తర్వాత తారు మరకలు. ఆ తర్వాత అసలు శత్రువు, టైరు నల్లగా మెరవాలని సర్వీసు సెంటర్లలో పూసే పాలిష్. అందులో సిలికాన్ ఉంటుంది. వేలిముద్రంత సిలికాన్ మిగిలినా కొత్త రంగు అక్కడ నిలవక గుండ్రంగా పక్కకి తప్పుకుంటుంది. చేపకళ్లు పడ్డాయంటారు. గ్రీజు తీసే ద్రావకంతో ఒక గుడ్డ, వెంటనే పొడి గుడ్డ. రెండో గుడ్డ ఆలస్యమైతే కరిగిన జిడ్డు అక్కడే మళ్లీ ఆరుతుంది. పనిలో సాయంగా ఉన్న కుర్రాడు ఒకే గుడ్డ రెండు వైపులా వాడబోతే మేస్త్రి చేతిలోంచి లాక్కున్నాడు.

కడిగిన చక్రాన్ని వెనక్కి తిప్పి లోపలి వైపు వెలుతురులో పెట్టి చూశాడు. ఇది రంగు పని కాదు గాని, రంగు పనివాడు తప్పక చేయాల్సిన పని. చక్రానికి పగులుంటే, రిమ్ము వంగి ఉంటే అతను ముట్టుకోడు. అలాయ్ చక్రాల్లో ఎక్కువ భాగం ఎ356 అనే మిశ్రమంతో పోసినవి. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, అర శాతం కంటే తక్కువ మెగ్నీషియం. కరిగిన లోహాన్ని కింది నుంచి గాలి ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత 540 డిగ్రీల దరిదాపుల్లో కాచి, నీళ్లలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచుతారు. చక్రానికి బలం వచ్చేది ఆ కాచుడులోనే. మన విశాఖ దగ్గర దువ్వాడలో సినర్జీస్ కాస్టింగ్స్ ఇలాంటి చక్రాలు పోసి విదేశాలకి పంపింది. అంత లెక్కగా వేడి చేసి తెచ్చిన బలాన్ని, వంగిన రిమ్ము సరిచేస్తానని గ్యాసు మంట పెట్టి పోగొట్టే షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మంట తగిలినచోట లోహం మెత్తబడుతుంది, పైన రంగు వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటే ప్రమాదం.

అతను వద్దనేది ఇంకోటుంది, డైమండ్ కట్ చక్రం. ముందు చక్రమంతా రంగు వేసి, తర్వాత వజ్రపు మొన ఉన్న పనిముట్టుతో ముఖాన్ని లేతు మీద సన్నగా చెక్కి, ఆ మెరిసే లోహం మీద ఒట్టి క్లియర్ కోటు వేస్తారు. అక్కడ కనిపించేది వెండి రంగు కాదు, లోహమే, దాని మీద లేతు పెట్టిన సన్నటి గీతలు. వాటిని ఏ గన్నూ అతకలేదు. మళ్లీ లేతు ఎక్కించాల్సిందే. ఎక్కించిన ప్రతిసారీ లోహం కొంత పోతుంది కాబట్టి అదీ ఎన్నోసార్లు కుదరదు. టచప్ చేయించుకోవచ్చని తెచ్చినవాళ్లని కూర్చోబెట్టి టీ ఇప్పించి మరీ తిప్పి పంపుతాడు.

ఇక పేపరు పని. పెచ్చు అంచు చిన్న మెట్టులా నిలబడి ఉంటుంది. ఆ మెట్టు ఉండగా పైన ఎంత రంగు కొట్టినా ఎండలో గీతలా కనిపిస్తుంది. మెట్టుని వాలుగా మార్చాలి. 240తో మొదలుపెట్టి 400, ఆ తర్వాత 600 నంబరు వాటర్ పేపరు. తడిపిన పేపరు తిరుగుతుంటే పెచ్చు చుట్టూ వలయాలు తేలతాయి. అన్నిటికంటే బయటిది క్లియర్ కోటు, దాన్ని చూడలేం, మెరుపు ఎక్కడ ఆగిందో చూసి పోల్చుకోవాలి. దాని లోపల సన్నటి వెండి పట్టీ. దాని లోపల బూడిద రంగులో ఫ్యాక్టరీవాళ్లు పొడిగా చల్లి, 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కరిగించి పట్టించిన పౌడరు కోటు. నడుమ పచ్చి లోహం. వెండి పొర మందం 15 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, మన తల వెంట్రుకలో నాలుగో వంతు కూడా కాదు. క్లియరూ పౌడరూ దానికి కొన్ని రెట్లు. వలయం ఎంత వెడల్పుగా వస్తే వాలు అంత మెల్లగా దిగినట్టు. మేస్త్రి వలయాలు బొటనవేలంత వెడల్పున వచ్చాయి. వెండి పట్టీ మాత్రం ఎక్కడా తెగకుండా చుట్టూ ఒకే తీరుగా ఉంది. చేతి ఒత్తిడి ఒక వైపు ఎక్కువైతే ఆ పట్టీ వంకరపోతుంది. చేయి ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఆ పట్టీ చూస్తే చాలు.

కుర్రాడు పేపరుని మూడు వేళ్ల కింద పెట్టి రుద్దుతుంటే మేస్త్రి మళ్లీ ఆపాడు. వేళ్లతో రుద్దితే వేలు పడ్డచోట గాడి, వేలికీ వేలికీ మధ్య గట్టు మిగులుతాయి. చదునైనచోట చిన్న రబ్బరు ముక్కకి పేపరు చుట్టాలి, స్పోకు వంపులో మెత్తటి స్పాంజి ముక్కకి. రుద్దడం అయ్యాక మేస్త్రి పక్కకి తిరిగి, అటు చూడకుండా, గోటి కొనని పాత రంగు మీద నుంచి లోహం మీదికి మెల్లగా లాగాడు. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. ఒకచోట తట్టుకుంది. నాకు కనిపించలేదు, నా గోటికీ తగల్లేదు. అతను అక్కడే ఇంకాస్త పేపరు పట్టాడు, మళ్లీ లాగాడు, సరేనన్నాడు.

రిమ్ము అంచు దెబ్బ వేరే రకం. అక్కడ రంగుతోపాటు లోహమూ చిట్లి ముళ్లలా లేచింది. సన్నటి ఆకురాయితో ముళ్లు తీసేశాడు, రిమ్ము వంపు వెంబడే, ఎప్పుడూ ఒకే దిశలో. లోతుగా దిగిన నాలుగైదు గంట్లు మాత్రం మిగిలాయి. అందరూ చేసేది అక్కడ పుట్టీ దట్టించి అంచుని గుండ్రంగా మలచడం. మేస్త్రికి అంచు మీద పుట్టీ అంటే గిట్టదు. రేపు టైరు మార్చేటప్పుడు మిషను దవడ సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది, పుట్టీ ముక్క ఊడి వస్తుంది. అందుకని లోహాన్నే గంటు లోతుకి దగ్గరగా మెల్లగా అరగదీసి, ఆ అరుగుని రెండు వైపులా పొడవుగా సాగదీసి కలిపేశాడు. పుట్టీ పెట్టింది రెండుచోట్ల, గోటి మందం కంటే తక్కువ, అదీ పచ్చి లోహం మీద నేరుగా కాకుండా ఎపాక్సీ ప్రైమరు వేసి ఆరాక.

ఆ ప్రైమరుకి తొందర ఉంది. రుద్దిన అల్యూమినియం మీద ఆక్సైడు పొర మళ్లీ పేరుకుంటూనే ఉంటుంది, చేతి చెమట తగిలితే అదో పీడ. రుద్దడం, తుడవడం, ప్రైమరు ఒకదాని వెంట ఒకటి జరిగిపోవాలి, మధ్యలో భోజనానికి లేవకూడదు. మిగతా పనంతా నెమ్మదిగా చేసే మనిషి ఈ ఒక్కచోట పరుగు పెట్టాడు. ఫోను మోగినా తీయలేదు.

పుట్టీ కూడా రుద్దడం అయ్యాక టైరుకి రంగు అంటకుండా కప్పే పనొకటి ఉంది. ఇక్కడ పేకముక్కలు వచ్చాయి. టైరులో గాలి కొంత తీసేసి, రబ్బరుకీ రిమ్ము అంచుకీ మధ్య సందులో పేకముక్కని నిలువుగా దోపాడు. దాని పక్కన ఇంకోటి, కొంచెం దాని మీదికి ఎక్కేలా. గీరుకుపోయిన జానెడు మేరకి ఆసులూ రాణులూ కలిసి ఓ ప్రహరీ లేచింది. మాస్కింగ్ టేపు రబ్బరు మీద సరిగ్గా అంటుకోదు, అంటుకున్నా రిమ్ము అంచు వంపులోకి దిగదు. పేకముక్క జారుడుగా, గట్టిగా ఉంటుంది, వంగుతుంది, సందు లోపలికి దిగుతుంది కాబట్టి రంగు కూడా అంచు దాటి లోపలిదాకా వెళ్తుంది. పేకముక్కల వాడకం ప్రపంచమంతటా చక్రాల పెయింటర్లకి తెలిసిందే. మేస్త్రి మాత్రం తనే కనిపెట్టానంటాడు, నేనూ కాదనలేదు.

స్పోకుల మీద టేపు వేసే తీరు చూడాలి. టేపుని చదునుగా అంటిస్తే రంగు దాని అంచు దగ్గర గీత కట్టి ఆగుతుంది. ఆ గీత మళ్లీ రుద్దుకోవాలి. అందుకని టేపుని తిరగేసి, జిగురు పైకి వచ్చేలా సగానికి మడిచి, గొట్టంలా పైకి లేపి అంటిస్తాడు. రంగు ఆ లేచిన టేపు నీడలోకి పలచగా దూరి తనంతట తాను తేలిపోతుంది. ఆ తేలిపోయేచోటు కూడా ఇష్టం వచ్చినచోట పెట్టడు. స్పోకు ముఖం మలుపు తిరిగి పక్కకి వాలేచోట ఓ కొస ఉంటుంది. వెలుతురు అక్కడ ఎటూ విరుగుతుంది కాబట్టి రంగులో కాస్త తేడా ఉన్నా కన్ను దాన్ని నీడ కింద జమకట్టుకుంటుంది. చక్రం డిజైను చేసినవాడు ఎక్కడ కొసలు పెట్టాడో చూసుకుని అక్కడే తన అతుకు దాచుకుంటాడు ఈయన.

ఇప్పుడు వెండి. కారు బాడీ రంగుకి కోడు ఉంటుంది, డోరు పక్కనో బానెట్ కిందో పలక మీద రాసి ఉంటుంది. చక్రం రంగు కోడు మామూలుగా ఆ పలక మీద ఉండదు. దగ్గరి వెండి రంగు ఫార్ములా పట్టుకుని, గ్రాముల తూకం మీద చుక్కలుగా కలుపుకోవాలి. కొంచెం నలుపు, చిటికెడు నీలం, వయసు మీదపడి క్లియర్ కోటు పసుపెక్కిన చక్రమైతే ఇంకేదో చుక్క. కలిపాక పరీక్ష పాత శుభలేఖల వెనక. నున్నటి అట్ట కాబట్టి రంగు చక్రం మీద నిలిచినట్టే నిలుస్తుందట. శుభలేఖ మీద కొట్టి, పైన క్లియర్ కూడా వేసి, ఆరాక చక్రం పక్కన పట్టుకుని షెడ్డు బయటికి ఎండలోకి వెళ్లాడు. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవకపోవచ్చు. ఎదురుగా చూశాడు, పక్కకి వాల్చి చూశాడు. ఎదురుగా కలిసింది, పక్క నుంచి చూస్తే కొత్తది తెల్లబడింది. నాకైతే బాగానే ఉందనిపించింది. అతను తల అడ్డంగా ఊపి లోపలికి నడిచాడు.

ఆ తేడా డబ్బాలోది కాదని అతనికి తెలుసు. వెండి రంగులో మెరిసేది అల్యూమినియం రేకు పొడి. ఒక్కో రేకు 10 నుంచి 40 మైక్రాన్ల వెడల్పు, మందం మైక్రాన్‌కి లోపే. ఇంటి కప్పు మీద పెంకుల్లా రేకులన్నీ చదునుగా పరుచుకుంటే, ఎదురుగా చూసినప్పుడు తళతళలాడతాయి, పక్క నుంచి ముదురుగా కనిపిస్తాయి. రంగు తడిగా, దట్టంగా పడితే రేకులు ఆ తడిలో మునిగి అటూ ఇటూ తిరిగి అడ్డదిడ్డంగా ఆగిపోతాయి. అప్పుడు ఎదురుచూపుకి నల్లబడతాయి, పక్కచూపుకి తేలతాయి. పొడిపొడిగా, దూరం నుంచి కొడితే చదునుగా పడతాయి. గాలి ఒత్తిడి పెంచినా, త్వరగా ఆవిరయ్యే థిన్నరు వాడినా అదే ఫలితం. అంటే డబ్బాలోని రంగు ముడిసరుకు మాత్రమే, అసలు రంగు చేతిలో తయారవుతుంది. కుంచెతో పూసిన వెండి టచప్ ఎప్పుడూ నల్లటి చుక్కలా ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కుంచె రేకుల్ని పరచలేదు, కెలుకుతుంది.

గదిలో నేల తడిపించాడు, దుమ్ము లేవకుండా. మైనపు జిగురున్న గుడ్డతో చక్రాన్ని ఒకసారి తేలిగ్గా తుడిచాడు. చేతిలో చిన్న గన్ను, నాజిలు మిల్లీమీటరు లోపు. మొదటి కోటు పలచగా, రుద్దినచోటికి మాత్రమే. అది మెరుపు పోయి మసకబారేదాకా ఆగాడు. రెండోది దానికంటే వేలెడు అవతలకి. మూడోదానికి గాలి ఒత్తిడి తగ్గించి, గన్నుని జానెడు దూరానికి వెనక్కి లాగి, మణికట్టు వంచకుండా మోచేయి మొత్తం కదిపి, పొగ తాకినంత పలచగా ఆ హద్దు కూడా దాటించాడు. మణికట్టు తిప్పితే గన్ను విల్లులా తిరుగుతుంది. మధ్యలో దగ్గర, చివర్లలో దూరం అవుతుంది, రేకులు మధ్యలో తడిగా, చివర్లలో పొడిగా పడి మబ్బు మచ్చలొస్తాయి. మేస్త్రి మోచేయి ఒంటికి ఆనకుండా, గన్ను చక్రానికి ఎప్పుడూ నిలువుగానే ఉండి, స్పోకు ఎటు వాలితే అటు తనే వంగాడు. యాభై దాటిన నడుము అది. ట్రిగ్గరు నొక్కడం చక్రం మీదికి రాకముందే మొదలు, వదలడం దాటాక. ఆ చివరి పొగ కోటుతో పాత వెండికీ కొత్త వెండికీ మధ్య హద్దు ఉన్నట్టే ఉండి కరిగిపోయింది. ఎక్కడ కరిగిందో చూద్దామని మొహం దగ్గర పెడితే కుర్రాడు నన్ను వెనక్కి లాగాడు.

వేళ కూడా చూసుకునే కొట్టాడు. బెజవాడ ఎండాకాలంలో మధ్యాహ్నం రంగు గన్ను దాటీదాటకముందే థిన్నరు ఎగిరిపోతుంది, రంగు పొడిగా పడి గరుకు తేలుతుంది. వానాకాలంలో ఇంకో తంటా. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పట్టి రంగు పాలిపోతుంది. మెల్లగా ఆరే థిన్నరు కలిపి కొంత కాచుకోవచ్చు, మబ్బు మరీ కమ్మితే గన్ను ఎత్తడు. కారాయనతో "ఎల్లుండి రండి" అంటాడు. ఎల్లుండి కూడా మబ్బేస్తే మళ్లీ ఎల్లుండే.

క్లియర్ కోటు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, ఒక్క సంగతి తప్ప. వెండి ఎంత చిన్న మేరకి వేసినా, క్లియర్ మాత్రం ఆ వెండి పడిన స్పోకు మొత్తానికి, కొస నుంచి కొస దాకా వేశాడు. క్లియర్ అంచు స్పోకు మధ్యలో ఆగితే కొన్నాళ్లకి అక్కడే పొర లేస్తుంది. స్పోకు మలుపు దాకా పాత క్లియర్‌ని సన్న పేపరుతో మసకబార్చి, దాని మీద కొత్తది పట్టించాడు. హార్డెనరు కలిపిన రెండు డబ్బాల క్లియర్ ఇది. ఆ హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం తెచ్చిపెడతాయి. మేస్త్రి బొగ్గు ఫిల్టర్ల మాస్కు పెట్టుకున్నాడు. గొట్టం పట్టుకున్న కుర్రాడి మొహానికి చేతిరుమాలే. అంత జాగ్రత్త తెలిసిన మనిషి ఆ పిల్లాడి సంగతి చూడకపోవడం నాకు నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాను. రెండో మాస్కు ఉందిట, ఉక్కగా ఉంటుందని వాడే పెట్టుకోడట. పెట్టించాల్సింది ఎవరు?

నువ్వుగింజంత పెచ్చుకి గన్ను వాడలేదు. చుట్టూ అరచేయంత పాత రంగు గీకడం దానికి దండగ అన్నాడు. అగ్గిపుల్ల కొన చెక్కి, పలచని వెండి చుక్క పెచ్చు నడుమ తాకించాడు, పూయలేదు. చుక్క తనే పాకి అంచుల దాకా వెళ్లి ఆగింది. ఆరాక కుంగింది. మళ్లీ చుక్క, మళ్లీ ఆరడం, పైన క్లియర్ చుక్క. పాత రంగు మట్టానికి కొంచెం పైకి లేచేదాకా అలా నింపి, మర్నాడు 2000 నంబరు పేపరు ముక్కతో ఆ బుడిపె మాత్రమే రుద్దేశాడు. అది కొంచెం నల్లగానే కనిపిస్తుందని ముందే చెప్పాడు, మనిషి నిలబడే దూరం నుంచి కనిపించదని కూడా. రెండూ నిజమే అయ్యాయి. ఎక్కడ పూర్తి పని చేయాలో, ఎక్కడ సరిపెట్టాలో తేల్చుకోవడం కూడా పనితనంలో భాగమేనని నాకు అక్కడే అనిపించింది.

క్లియర్ గట్టిపడ్డాక 2000, 3000 పేపర్లు, రబ్బింగ్ కాంపౌండు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిదాన్ని అతను పట్టించుకున్నాడు. కొత్త క్లియర్ అద్దంలా మెరిసింది. పక్క స్పోకులు ఏళ్ల తరబడి రోడ్డు తిని మెరుపు తగ్గి ఉన్నాయి. ముందు పాత స్పోకులకి కాంపౌండు పట్టి కొంత మెరుపు తెచ్చాడు. అవి ఇంక రానంటే కొత్త స్పోకు మెరుపునే ఓ మెట్టు దించాడు. చేతిలో ఉన్న మెరుపుని వదులుకోవడం ఏ పనివాడికైనా కష్టం, చూపించుకోవడానికి ఉన్నది అదొక్కటే కదా.

నట్లు కూర్చునే గుంటల్లో, హబ్బుకి ఆనుకునే వెనక ముఖం మీద ఎక్కడైనా రంగు పొగ పడిందేమో గుడ్డతో తుడిచి చూశాడు. అక్కడ రంగు పొర ఉంటే నట్టు దాని మీద బిగుస్తుంది, నాలుగు రోజులు తిరిగాక పొర నలిగి నట్టు వదులవుతుంది. ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించి, చివరికి టార్కు రెంచీతో. చాలా కార్లకి 100 న్యూటన్ మీటర్ల అటూ ఇటూ, ఖచ్చితమైన అంకె ఆ బండి పుస్తకంలోనే చూసుకోవాలి. కొంత దూరం తిరిగాక మళ్లీ వచ్చి బిగింపు చూపించుకోమన్నాడు. నెల దాకా వాటర్ వాష్‌లో గన్ను చక్రానికి దగ్గరగా పెట్టనివ్వొద్దని, యాసిడ్ కలిపిన వీల్ క్లీనరు ఎప్పటికీ వద్దని చెప్పాడు. టైరు పాలిష్ కావాలంటే గుడ్డకి రాసి టైరుకి పూసుకోవాలి గాని స్ప్రే చేయకూడదు.

కారాయన చక్రం చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి చూసి, వేలితో తడిమి చివరికి రేటు దగ్గరికి వచ్చాడు.

"ఏంటండీ మేస్త్రిగారూ, ఇంత చిన్న మచ్చకా ఇంత?"

"మొత్తం చక్రానికి వేయించుకోండి సార్, తగ్గిస్తాను" అన్నాడు మేస్త్రి, పేకముక్కలు థిన్నరు గుడ్డతో తుడిచి డబ్బాలో సర్దుకుంటూ.